మాంసం యూనిటా, రోడ్డు వెడల్పా? ఊరికి ఒక్కటే అడిగే చాన్స్ ఉంటే

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు వినతి పత్రాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక్కో పత్రంలో పది పన్నెండు కోరికలు ఉంటాయి, తీసుకున్న నాయకుడు పైనున్న ఒకటి రెండు చూసి పీఏ చేతికిస్తాడు. అందుకే మొదటి లైన్లో ఏది రాయాలన్నది చిన్న విషయం కాదు. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు ఆ మొదటి లైన్ కోసం పోటీపడే కోరికలు రెండు. ఊరి మీదుగా పోయే రోడ్డును నాలుగు లైన్లు చేయాలి, పాత చింతలు, మర్రులు పోతే పోనీ అనేది ఒకటి. మన జివాలను ఇక్కడే కోసి, చల్లబరిచి, లెక్కగా అమ్ముకునే మాంసం యూనిట్ మండలానికొకటి కావాలనేది రెండోది.

ఈ రెండింటినీ ఎందుకు కలిపి చూడాలని అడగొచ్చు. ఒకటి ఆర్ అండ్ బీ లేదా జాతీయ రహదారుల వాళ్ల పని, ఇంకోటి పశుసంవర్ధక శాఖ, ఫుడ్ సేఫ్టీ, పొల్యూషన్ బోర్డు ముగ్గురూ ఊ అంటే గానీ కాని పని, డబ్బు కూడా వేర్వేరు జేబుల్లోంచే వస్తుంది. కానీ ఊరి వైపు నుంచి చూస్తే రెండూ ఒకే చోట తగులుకుంటాయి. రోడ్డు పక్కన ఇంకా కబ్జా కాకుండా మిగిలిన ఆ కాస్త ప్రభుత్వ జాగా ఒక్కటే, నాయకుడి దగ్గర ఊరికున్న పలుకుబడి ఒక్కటే, పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగగలిగే నలుగురు మనుషులు కూడా వాళ్లే.

నా లెక్క ముందే చెప్పేస్తా. ఒక్కటే అడిగే వీలుంటే మాంసం యూనిట్ అడగండి. రోడ్డు మీరు అడిగినా అడగకపోయినా పైవాళ్ల అవసరం కోసం ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది, యూనిట్ మాత్రం ఊరు వెంటపడకపోతే ఎన్నటికీ రాదు. రోడ్డు విషయంలో ఊరు చేయాల్సింది అది వచ్చిన రోజు చెట్ల గురించి గట్టిగా బేరం ఆడటం. అయితే కొన్ని ఊళ్లకు ఈ సలహా పనికిరాదు, వాటి గురించి కూడా చెప్తా.

రోడ్డు ఎవరికోసం

మన వైపు పెద్ద రోడ్లు చూడండి. 163వ నంబర్ జాతీయ రహదారి హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. 563 జగిత్యాల, కరీంనగర్, వరంగల్, ఖమ్మాన్ని కలుపుతుంది. 353సీ పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం దాటి మహారాష్ట్రలో తేలుతుంది. వీటి మీద రాత్రింబవళ్లు తిరిగేది గోదావరి ఇసుక లారీలు, భూపాలపల్లి బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ గ్రానైట్ బండలు. మేడారం జాతర రెండేళ్లకోసారి, అప్పుడు మాత్రం ఎన్ని లైన్లున్నా చాలవు, అది ఒప్పుకోవాల్సిందే. మిగతా రోజుల్లో మన ఊరి వాళ్లు ఆ రోడ్డు మీద పోయేది బైక్, ఆటో, ట్రాక్టర్, ఆర్టీసీ బస్సు. వాళ్లకు కావాల్సింది లారీ వస్తే పక్కకు దిగడానికి గట్టి అంచు, మూల మలుపు దగ్గర ఎదురొచ్చే బండి కనబడటం, ఊరి జంక్షన్లో లైటు. నాలుగు లైన్లు వేస్తే ఇవన్నీ వాటంతట అవే వస్తాయని అనుకుంటాం. వచ్చేది ముందు స్పీడ్, తర్వాత ఊరి నడుమ డివైడర్, అవతలి పొలానికి పోవాలంటే కిలోమీటరు చుట్టూ తిరిగే యూటర్న్.

ఇంకో సంగతి. మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు 163జీ అనే కొత్త కారిడార్ పాత రోడ్లను వదిలేసి పొలాల మీదుగా వేస్తున్నారు. అది మీ ఊరికి సమాంతరంగా పోతుంటే దూరప్రాంతం లారీల్లో చాలా భాగం అటు మళ్లుతాయి. అలాంటప్పుడు పాత రోడ్డును కూడా నాలుగు లైన్లు చేయమని అడిగే ముందు, అది తెరుచుకున్నాక మన దగ్గర ట్రాఫిక్ ఎంత మిగులుతుందని ఇంజనీర్‌ను అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు రప్పించగలిగితే సగం పని అయినట్టే.

కొలతలు కూడా తెలిసుండాలి. రెండు లైన్ల తారు రోడ్డు వెడల్పు 7 మీటర్లు. రెండు పక్కలా గట్టి అంచు, అంటే షోల్డర్ వేస్తే 10 మీటర్లకు చేరుతుంది, పాత చెట్లు కాస్త దూరంగా ఉన్న చోట చాలావరకు ఇది చెట్టు కొట్టకుండానే అవుతుంది. అదే నాలుగు లైన్లంటే డివైడర్, డ్రైన్లు, సర్వీస్ రోడ్డు అన్నీ కలిపి 45 నుంచి 60 మీటర్ల జాగా అడుగుతారు. అంటే చెట్లతో ఆగదు, ముందు వరుస ఇళ్లు, హోటళ్లు, పంక్చర్ షాపులు కూడా మార్కింగ్‌లోకి వస్తాయి. వెడల్పు కావాలని గట్టిగా అరిచేవాళ్లలో కొందరికి వెనక వరుసలో ప్లాట్లు ఉంటాయి, అది కూడా ఓసారి గమనించండి.

చెట్ల బేరం

నిజాం కాలం నాటివని పెద్దవాళ్లు చెప్పే చింతలు, వేపలు, మర్రులు ఇంకా కొన్ని రోడ్ల మీద వరుసగా మిగిలున్నాయి. వాటి మీద చాలామంది కవిత్వం రాస్తారు, నేను లెక్కే చెప్తా. చింతపండు కాపును వేలం వేసుకునే పంచాయతీలకు అది ఏటా వచ్చే రాబడి. సీతాఫలాల గంపలు, ముంజకాయలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చునేది వాటి కిందే, ఎండాకాలం మధ్యాహ్నం గొర్ల మంద ఆగేది అక్కడే, బస్సు కోసం ముసలివాళ్లు నిలబడేదీ అక్కడే. కొట్టేసిన తర్వాత ఆ నీడ కోసం పంచాయతీ రేకుల షెడ్డు కట్టాలి, ఎండకు ఆ షెడ్డు కింద నిలబడితే తెలుస్తుంది తేడా.

చెట్టు తరలించి వేరేచోట నాటుతామని చెప్తారు. మర్రి, రావి, జువ్వి లాంటివి కొమ్మ పాతినా వేళ్లు పోసే జాతులు కాబట్టి వాటికి ఆ మాట చాలావరకు చెల్లుతుంది, అది కూడా వేరు ముద్ద పెద్దగా తీసి, రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తేనే. ముదురు చింతకు, వేపకు అదే హామీ ఇస్తే నమ్మకండి, వాటి వేరు తీరు వేరు. బదులు మొక్కలు నాటుతామంటే ఏ మొక్క అని అడగండి. హరితహారంలో రోడ్ల మధ్యలో కోనోకార్పస్ ఎంత ఇష్టంగా నాటామో, తర్వాత దాన్ని వద్దని ఎంత తిట్టుకున్నామో అందరికీ గుర్తుంది. కేంద్రం 2015లో తెచ్చిన హరిత రహదారుల విధానం ప్రకారం సివిల్ పనుల ఖర్చులో 1 శాతం మొక్కలకు పక్కన పెట్టాలి, ఆ డబ్బు మీ ఊరి హద్దులో ఎక్కడ ఖర్చవుతుందో ముందే రాయించుకోండి.

చేవెళ్ల కథ అందరూ చూడాల్సిందే, అది కూడా 163 నంబర్ రోడ్డే, హైదరాబాద్‌కు అవతలి వైపు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో దాదాపు 900 మర్రి చెట్లు. కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయి ఏళ్లకేళ్లు నడిచింది, చివరికి డిజైన్ మార్చి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని తరలించేలా ఒప్పుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, 2025 నవంబరు 3న, అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకుని 19 మంది చనిపోయారు. చెట్లవాళ్ల వల్లే రోడ్డు ఆగిందని ఒక వర్గం తిట్టింది. నాకు అందులో కనిపించేది వేరే. చెట్లను ఉంచే డిజైన్ సాధ్యమేనని చివర్లో తేలిందంటే అది మొదట్లోనే గీయగలిగేవాళ్లు. గీసి ఉంటే ఏళ్లూ పోయేవి కాదు, రోడ్డూ ముందే పడేది. మీ ఊళ్లో కొట్టబోయే చెట్ల మీద ఎర్ర పెయింట్ నంబర్లు పడకముందే బేరం మొదలుపెట్టాలని నేను అనేది అందుకే.

బేరంలో అడగదగ్గవి మూడున్నాయి. ఒకవైపు చెట్ల వరుసను ముట్టకుండా దానికి అవతల కొత్త రెండు లైన్లు వేస్తే పాత వరుస డివైడర్‌లోకి వస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది, కానీ అవతలి వైపు రైతుల భూమి రెట్టింపు పోతుంది, వాళ్లతో ముందు మాట్లాడకుండా ఈ మాట ఎత్తితే ఊళ్లో గొడవలే. ఊరు దాటించే బైపాస్ రెండోది, దానికి భూమి ఖర్చు ఎక్కువ, సెంటర్లో షాపులున్నవాళ్లు ఒప్పుకోరు. మూడోది చాలా ఊళ్లకు సరిపోయేది: వెడల్పు ఆపి షోల్డర్లు, మలుపులు, జంక్షన్లు, చెట్ల మొదళ్లకు తెల్ల పట్టీలు, రేడియం స్టిక్కర్లు. ఇది చవక, కాబట్టి కాంట్రాక్టర్లకు ఇష్టం ఉండదు.

గాలివానకు చెట్లు మీద పడతాయన్న భయం కూడా ఉంది, 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం వేలాది చెట్లు కూలిన తర్వాత అది ఇంకా పెరిగింది. రోడ్డు పక్క చెట్లు పడటానికి చాలాసార్లు కారణం మనమే, పైపులైన్ కోసమో కేబుల్ కోసమో జేసీబీతో ఒకవైపు వేర్లు తెగ్గొట్టి వదిలేస్తాం. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం, 2002 ప్రకారం చెట్టు కొట్టడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలి, వేర్లు కొట్టడం గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఇక యూనిట్ సంగతి

నేను చెప్పేది గొర్రె, మేక, కోడి వరకే. పెద్ద పశువులకు వేరే చట్టాలున్నాయి, వాటిని ఇందులో కలిపితే పని మొదటి మీటింగ్‌లోనే ఆగిపోతుంది.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం, కోటీ 90 లక్షలు. 2017లో మొదలైన పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్‌గా 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చారు. జివాలను పెంచడానికి ఇంత చేశాం గానీ వాటిని అమ్ముకునే దారి మాత్రం పాతదే. దళారి వస్తాడు, చూపు మీద బేరం చేస్తాడు, రాత్రికి డీసీఎం వ్యాన్‌లో కుక్కి వరంగల్‌కు 145 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లోని జియాగూడ మండీకి తీసుకుపోతాడు. దారిలో మేత ఉండదు, నీళ్లు ఉండవు, బరువు తగ్గుతుంది, ఒకటీ అరా చస్తాయి. ఆ నష్టం అంతా దళారి ముందే లెక్కేసుకుని రైతు రేటులోంచి కోసుకుంటాడు. ఆ బండ్లు పోయేది కూడా మనం వెడల్పు చేయాలంటున్న రోడ్డు మీదే. రోజుకు యాభై జివాలు ఇక్కడే కోస్తే ఆ మాంసం ఒక్క చిన్న ఏసీ వ్యాన్‌లో పడుతుంది, దానికి మంచి రెండు లైన్ల రోడ్డు చాలు.

లాభం గురించి గొప్పలకు పోవద్దు. 28 కిలోల పొట్టేలును కోస్తే వచ్చే మాంసం 13, 14 కిలోలు. ఒట్టి మటన్ మీద మార్జిన్ బయటివాళ్లు అనుకునేంత ఉండదు, కటికవాళ్లను అడిగితే చెప్తారు, వాళ్లను నిలబెట్టేది తలకాయ, కాళ్లు, బోటి. చర్మం ధర పడిపోయి చాలాకాలమైంది. కాబట్టి యూనిట్ లెక్కలో మటన్ కిలో రేటు ఒక్కటే వేసుకుని కాగితం తెచ్చిన కన్సల్టెంట్‌ను పక్కన కూర్చోబెట్టండి. రైతుకు అసలు లాభం కాంటాలో ఉంది, చూపు బేరం పోయి తూకం బేరం వస్తే దళారి కూడా తన రేటు సర్దుకోవాల్సి వస్తుంది.

నాకు దీనికంటే పెద్ద కారణం ఆరోగ్యం. ఇప్పుడు ఆదివారం పొద్దున రోడ్డు పక్క కోసే జివాన్ని కోతకు ముందు చూసే డాక్టర్ లేడు. జబ్బు చేసిన జివాన్ని చచ్చేలోపే కోసి పోగులు వేసుకోవడం ఊళ్లలో కొత్త కాదు. 2021 అక్టోబరులో దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు ఆంత్రాక్స్‌తో చనిపోయాయి, మన పెద్దలు దొమ్మ రోగం అంటారు, అలా చచ్చినదాన్ని కోయడమే ప్రమాదం, గాలి తగిలితే ఆ క్రిమి గట్టి గింజలా మారి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. యూనిట్ ఉంటే కోతకు ముందు ఒకసారి, కోసిన తర్వాత లోపలి భాగాలు ఒకసారి పరీక్ష జరగాలి.

ఎంత సైజులో పెట్టాలన్నది మొదట తేల్చుకోండి, ఎందుకంటే అనుమతులు దాన్ని బట్టే. ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లో రోజుకు 10 జివాలు లేదా 50 కోళ్ల దాకా అయితే రిజిస్ట్రేషన్ సరిపోతుంది. ఆ పైన 150 జివాలు, 1000 కోళ్ల దాకా రాష్ట్ర లైసెన్స్, అదీ దాటితే కేంద్ర లైసెన్స్. 2001 వధశాల నిబంధనలు రోజుకు 10 జంతువులు, ఆపైన కోసే ప్రతి చోటికీ వర్తిస్తాయి, చూడితో ఉన్నవాటిని, మూడు నెలలు నిండని పిల్లలను కోయకూడదు, ఒక డాక్టర్ గంటకు 12 కన్నా, రోజుకు 96 కన్నా ఎక్కువ జంతువులను పరీక్షించకూడదు. అంటే ఒక డాక్టర్ ఉన్న మండలంలో రోజుకు 200 జివాలు అని బోర్డు పెట్టడం ఉత్త మాట. ముప్పై నలభైతో మొదలుపెట్టడమే తెలివి.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఆదివారం దంచి కొడుతుంది, దసరాకు చెప్పనే అక్కర్లేదు, శ్రావణం, కార్తీకం వస్తే సగం షాపులు ఈగలు తోలుకుంటాయి. 2025లో దసరా సరిగ్గా అక్టోబరు 2న పడింది, గాంధీ జయంతి రోజు మటన్ దుకాణాలు బంద్, ముక్క లేని దసరా ఏంటని తెలంగాణ అంతా గోల. ముందురోజు కోసి సున్నా నుంచి 4 డిగ్రీల మధ్య ఉంచే చల్లని గది ఉంటే, బంద్ రోజు అమ్మలేకపోయినా ముందురోజు రాత్రిదాకా అమ్ముకోవచ్చు, ఆ టెన్షన్ కొంత తగ్గుతుంది. కానీ మనవాళ్లు కళ్ల ముందు కోస్తేనే నమ్ముతారు, చల్లబరిచిన మాంసం అంటే పాతదనే అనుమానం. అందుకని మొదటి ఏడాది ప్యాకెట్ల జోలికి పోకుండా, తెల్లవారుజామున కోసి ముద్ర వేసిన యాటలను ఇప్పుడున్న కటికవాళ్ల దుకాణాలకే సరఫరా చేయండి, మిగిలింది హనుమకొండ హోటళ్లకు. కోసే పని కూడా హలాల్ చేసేవాళ్లకు, ఆరెకటిక వాళ్లకు వాళ్ల పద్ధతిలో వేళలు పంచి ఇవ్వాలి. వాళ్ల పొట్ట కొట్టి యూనిట్ పెడితే నెలలో తాళం పడుతుంది, ఆ తాళం వేసినందుకు వాళ్లను తప్పు పట్టలేం.

అసలు ప్రమాదం చెత్త దగ్గర ఉంది. రక్తం, పొట్టలోని పేడ, కడిగిన నీళ్లు, ఇవి కాలువలో పడితే రెండు రోజుల్లో ఊరంతా కంపు, వారంలో కుక్కల గుంపు, నెలలో చెరువులో చేపలు తేలతాయి. రక్తాన్ని కడిగి పారబోయకుండా విడిగా పట్టాలి, పేడను బయోగ్యాస్‌కో ఎరువుకో పంపాలి, మురుగు శుద్ధి ట్యాంకు పని చేస్తేనే కోత నడవాలి. చెరువుకు ఎగువన పెట్టే మాట ఎవరు ఎత్తినా అక్కడే ఆపేయండి. పొల్యూషన్ బోర్డు దగ్గర కట్టడానికి ముందు ఒక అనుమతి, నడపడానికి ముందు ఇంకో అనుమతి తీసుకోవాలి, మొదటిదాంతో రిబ్బన్ కట్ చేసేసి రెండోది మర్చిపోవడం మనకు అలవాటు.

డబ్బుకు దారులున్నాయి. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మాంసం ప్రాసెసింగ్‌కు పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి కింద బ్యాంకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. గడువులు మారుతుంటాయి కాబట్టి కాగితాలు కట్టే ముందు జిల్లా ఆఫీసులో కనుక్కోండి. ఇవన్నీ అప్పు తెచ్చుకున్నాక వచ్చే సాయాలు, ముందు సొంత వాటా పెట్టాలి, గొర్రెల కాపరుల సొసైటీలో ఆ మాత్రం ఐకమత్యం ఉందా లేదా అన్నది మీకే తెలియాలి. శిక్షణకు హైదరాబాద్ పక్కనే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, ఇద్దరు కుర్రాళ్లను ముందే అక్కడికి పంపి, తర్వాతే షెడ్డు ప్లాన్ గీయించండి.

ఎవరికి ఈ సలహా పనికిరాదు

మీ ఊరి దగ్గర ఒకే మలుపులో ఏటా మనుషులు పోతుంటే రోడ్డే ముందు, వాదన లేదు. అప్పుడు కూడా మొత్తం రోడ్డు అని కాకుండా ఆ అర కిలోమీటరు అని రాయండి, త్వరగా అవుతుంది. అక్కడ అడ్డున్న రెండు మూడు చెట్లు పోవాల్సి వస్తే నేనైతే ఒప్పుకుంటా. ఎండాకాలం బోర్లు ఎండిపోయే ఊరైతే యూనిట్ మాట ఎత్తకండి, నీళ్లు లేని కోత గదికంటే రోడ్డు పక్క కోతే నయం. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపినా వారం పొడవునా రోజుకు పాతిక జివాలు రాని చోట కరెంటు బిల్లు కూడా వెళ్లదు, అక్కడ పది జివాల రిజిస్ట్రేషన్‌తో ఒక శుభ్రమైన షెడ్డు, ఒక కాంటా, డీప్ ఫ్రీజర్ చాలు.

మిగతా ఊళ్లకు పని క్రమం ఇలా. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, వచ్చే సభలో రెండు తీర్మానాలు వేరువేరుగా పెట్టించండి. మొదటిది యూనిట్ కోసం, సర్వే నంబర్, నీటి వసతి, రోజుకు ఎన్ని జివాలు అన్నీ రాసి. రెండోది చెట్ల జాబితా, జాతి, మొదలు చుట్టుకొలత, తారు అంచు నుంచి దూరం, ఫోటోలతో. హైస్కూల్ పిల్లలు టేపు పట్టుకుంటే ఒక ఆదివారంలో అయిపోయే పని ఇది. జాతీయ రహదారి అయితే భూసేకరణ 3ఏ నోటిఫికేషన్ పడ్డాక అభ్యంతరాలకు ఉండేది 21 రోజులే, అప్పుడు మొదలుపెడితే జాబితా తయారయ్యేసరికి గడువు అయిపోతుంది. 100 కిలోమీటర్ల లోపు విస్తరణలకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు కాబట్టి పబ్లిక్ హియరింగ్ వస్తుందని ఎదురు చూడకండి, చాలా ముక్కలకు అది రాదు.

ఇక వినతి పత్రం రాసే ముందు మండల వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పోయి, తెల్లవారుజామున నాలుగింటికి యూనిట్ దగ్గర ఉండి జివాలను చూడగలరా, సెలవులో ఉంటే బదులు ఎవరొస్తారు అని అడగండి. ఆయన దగ్గర దీనికి జవాబు లేకపోతే మొదటి లైన్లో యూనిట్ కన్నా ముందు ఇంకో డాక్టర్ పోస్టు రాయాలి.